పదిహేడో నంబరు హాజరు

ప్రాథమిక పాఠశాలల సాంకేతిక విద్యా విభాగపు అధికారి గారి సముఖమునకు,

మూడవ తరగతి ‘బి’ సెక్షను ఉపాధ్యాయుడు విన్నవించుకొనునది.

అయ్యా,

విషయం: మా తరగతిలోని పద్దెనిమిదో నంబరు బాలికపై వేసిన ఎర్రగుర్తును తొలగించుట, సదరు గుర్తును అర్జీదారుపై వేయుట, పదిహేడో నంబరు బాలిక తల్లిని ఫారం తొమ్మిది అడగకుండుట గురించి.

తమ కార్యాలయపు మెమో అందినది. మూడు కాపీలు అందినవి. మూడింటిలోనూ ఒకే మాట ఉన్నది గనుక ఒక్కదానికే జవాబు రాస్తున్నాను. ఏడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వనిచో నా వద్ద చెప్పుకొనుటకు ఏమీ లేదని భావించబడునని అందులో ఉన్నది. చెప్పుకొనుటకు ఉన్నది. అది సంజాయిషీ కింద వస్తుందో రాదో తెలియక అర్జీగా రాస్తున్నాను. నేను తప్పు చేసిన చోట తప్పు అనే రాశాను, వెతుక్కునే శ్రమ తమకు ఉండదు.

1. అర్జీదారు ఇరవై ఆరేళ్ళుగా చిన్న తరగతులకు చదువు చెబుతున్నాడు. పిల్లలు నాకు పెట్టిన పేరు సుద్దముక్క సారు. నల్లబల్ల పీకేసి గోడకు తెర బిగించి మూడేళ్ళయినా నా జేబులో సుద్దముక్క ఉంటుందని ఆ పేరు. అంతమాత్రాన నేను సాంకేతిక విద్యకు విరోధిని కాను. “చేతిలో బడి” పథకం కింద మా తరగతికి పదిహేను ట్యాబ్లెట్లు వచ్చిన రోజున అట్టపెట్టెలు విప్పి, ఒక్కోదాని వెనక నంబరు అంటించింది నేనే. పిల్లలు వాటిని పలకలనే అంటారు. ముప్ఫైమంది పిల్లలు, పదిహేను పలకలు, ఇద్దరికి ఒకటి. అందులో రెండింటికి ఛార్జింగు నిలవదు. అది వేరే అర్జీ.

2. వారానికి రెండు పీరియడ్లు డిజిటల్ పౌరసత్వం అనే పాఠాలు చెప్పవలెనని తమ ఉత్తర్వు. మొత్తం పన్నెండు పాఠాలు. మన రహస్య సంకేతం ఎవరికీ చెప్పకూడదు, ఒకరి పేరుతో ఇంకొకరు లోపలికి వెళ్ళకూడదు, తెర అవతల ఉన్నది కూడా మనిషే, ఇలాంటివి. మంచి పాఠాలు. ఎనిమిదేళ్ళ పిల్లలకు అక్షరాల సంకేతం గుర్తుండదని తమవారు బొమ్మల సంకేతం పెట్టారు. ప్రతి బిడ్డా మూడు బొమ్మలు వరుసగా నొక్కి తన పేరుతో లోపలికి వెళ్ళాలి. ఆ సమయంలో పక్క పిల్ల కళ్ళు మూసుకోవాలి. పాఠంలో అలాగే ఉన్నది. మోకాలికి మోకాలు తగిలేట్టు కూర్చున్న పిల్లలు కళ్ళు మూసుకోరు. మూసుకున్నా వేళ్ళ సందులోంచి చూస్తారు. ఈ సంగతి మా స్టాఫ్ రూములో అందరికీ తెలుసు, రిపోర్టులో మాత్రం ఎవరమూ రాయలేదు.

3. మూడో బెంచీ మీద పదిహేడో నంబరు బాలిక, పద్దెనిమిదో నంబరు బాలిక కూర్చునేవారు. మొదటిదాన్ని తరగతంతా గడగడ అంటారు. దాని నోట్లో నువ్వుగింజ నానదు. ఇంటిదగ్గర ఏం జరిగినా మొదటి గంటలోపే మాకందరికీ తెలిసిపోయేది. రెండోదాన్ని నిదానం అంటారు. ఒక ప్రశ్న వేస్తే ఆ పిల్ల ముందు కిటికీవైపు చూస్తుంది, తర్వాత బల్లవైపు చూస్తుంది, తర్వాత జవాబు చెబుతుంది. జవాబు ఎప్పుడూ సరైనదే. కాకపోతే అప్పటికి మేము వేరే ప్రశ్నలో ఉంటాము.

ఒకరోజు చూస్తే నిదానం వంతు వచ్చినా గడగడే నొక్కుతున్నది.

“దాని వంతు కదే? నువ్వు నొక్కుతున్నావేం?”

“దానికి లేటవుతుంది సార్. అది ఆలోచిస్తుంది. ఆలోచించి నాకు చెప్తుంది. నేను నొక్కుతా. నాది కూడా అదే ఆలోచిస్తుంది.”

నిజమా అని నిదానాన్ని అడిగాను. చాలాసేపటికి “అవును సార్” అన్నది. ఇద్దరి మార్కులూ ఒకే బుర్రలోంచి, ఒకే వేలులోంచి వస్తున్నవని అప్పుడు తెలిసింది. వేర్వేరుగా చేయండమ్మా అని చెప్పి ముందు బెంచీకి వెళ్ళిపోయాను. వాళ్ళు అలాగేనన్నారు, చేయలేదు.

4. ఇక హాజరు విధానం. తమకు తెలిసినదే అయినా, తప్పు అక్కడే మొదలైంది గనుక రాస్తున్నాను. ఉదయం తొమ్మిదీ పదిహేనుకు ఉపాధ్యాయుడు తన ఫోనులో “అందరూ హాజరు” అనే ఆకుపచ్చ మీట నొక్కాలి. ఆ తర్వాత, రాని పిల్లల పేర్లు ఒక్కొక్కటిగా తీసేయాలి. తొమ్మిదీ ఇరవైకి తల్లిదండ్రులకు దానంతటదే మెసేజి వెళుతుంది: “మీ చిన్నారి క్షేమంగా తరగతిలో ఉన్నది.” ఒక్క నిమిషం ఆలస్యమైతే ముప్ఫై ఇళ్ళనుంచి ఫోన్లు మొదలవుతాయి. అందుకని ముందు మీట నొక్కేయడం, తర్వాత తలెత్తి పిల్లల్ని చూడడం మా బళ్ళో అందరి అలవాటు. మూడేళ్ళుగా ఏ ప్రమాదమూ జరగలేదు.

గడగడకు గురువారం సాయంత్రం నుంచి జ్వరం. శుక్రవారం రాలేదు. సోమవారం నేను అలవాటు ప్రకారం తల వంచుకుని మీట నొక్కాను. తలెత్తి చూస్తే మూడో బెంచీ మీద నిదానం ఒక్కతే ఉన్నది. పదిహేడో నంబరు తీసేద్దామనుకుంటుండగా వెనకబెంచీలో ఒక పలక కిందపడి అద్దం పగిలింది. ఇద్దరు పిల్లలు నువ్వంటే నువ్వని ఏడుపు. ఆ పంచాయితీ తీర్చి వచ్చేసరికి తొమ్మిదీ ఇరవై రెండు.

ఆ బిడ్డ ఆ ఉదయం ఎనిమిదీ యాభైకి ఆసుపత్రిలో చనిపోయింది. మాకు పదకొండు గంటలకు కబురు తెలిసింది. బడి మూసేశాము. మర్నాటి నుంచి ఎలాగూ వారం రోజులు సెలవులు.

5. ఆ బిడ్డకు తల్లి ఒక్కతే. సిటీ బస్సులో కండక్టరు. సెలవులు పూర్తయి బడి తెరిచే ముందురోజు నేను గది సర్దుకుంటుంటే వచ్చింది. టికెట్ల సంచీ భుజాన ఉన్నది. డ్యూటీలో లేకపోయినా ఎందుకు తగిలించుకొచ్చిందో అడగలేదు. పిల్లల బెంచీ మీదే కూర్చున్నది, మూడో బెంచీ అని ఆమెకు తెలియదు.

“ఆ మెసేజి మీరేనా సార్ పంపింది?”

“పొరపాటున వెళ్ళిందమ్మా. ఏమని చెప్పాలో తెలియడం లేదు. నన్ను క్షమించండి.”

“డాక్టరు చెప్పి అప్పటికి అరగంటయింది. నేను వరండాలో ఉన్నా. ఫోను మోగింది. చూస్తే, క్షేమంగా తరగతిలో ఉన్నది అని. ఒక్క నిమిషం డాక్టరే పొరబడ్డాడనుకున్నా సార్. చెప్పులు కూడా వేసుకున్నా, బడికొద్దామని.”

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె సంచీ జిప్పు తీసింది, వేసింది, మళ్ళీ తీసింది.

“రేపట్నుంచి డ్యూటీకెళ్తున్నా. తొమ్మిదీ ఇరవైకి నా బండి ఆ ఆసుపత్రి స్టాపులో ఆగుతుంది. రోజూ అంతే, టైమంటే టైమే. ఆ మెసేజి రేపు కూడా పంపగలరా సార్?”

“అమ్మా, అదీ...”

“నాకు తెలుసు సార్. నాకేం పిచ్చి పట్టలేదు. అది వస్తే ఆ స్టాపు దాటేస్తా. అంతే.”

6. పంపాను. పిల్ల పేరు కాగితపు రిజిస్టరులో మా ప్రధానోపాధ్యాయిని కొట్టేశారు. కంప్యూటరులో కొట్టేయడానికి తల్లి సంతకంతో ఫారం కావాలి. మేము అడగలేదు, ఆమె ఇవ్వలేదు. కనుక పదిహేడో నంబరు నా ఫోనులో అలాగే ఉన్నది. నేటికి నలభై నాలుగు పనిదినములు ఆ నంబరుకు నేను బుద్ధిపూర్వకంగా అబద్ధపు హాజరు వేశాను. దీనిని నేరాంగీకారముగా తీసుకోగలరు.

మొదటి రెండు రోజులు మీట నొక్కేముందు ఆగాను. మూడో రోజునుంచి ఆగలేదు. అందుకు భయపడవలసింది, భయం కూడా వేయలేదు. కొన్నాళ్ళుగా నాకు ఏదీ గట్టిగా తగలడం లేదు. అన్నం తింటున్నాను, పాఠం చెబుతున్నాను, పడుకుంటే నిద్ర పడుతున్నది. మా ఆవిడ ఎదురుగా కూర్చుని “ఏమండీ, మీరు ఇంట్లోనే ఉన్నారా?” అని అడుగుతుంది. ఉన్నానంటాను. ఆ బిడ్డ గుర్తొచ్చి ఏడవాలని ఒకరోజు తలుపు వేసుకుని కూర్చున్నాను కూడా. ఏడుపు రాలేదు, కాళ్ళు తిమ్మిరెక్కాయి. లేచి వచ్చాను. ఈ వివరం అర్జీకి అవసరమో కాదో తెలియదు, అవసరం లేనిచో కొట్టివేయగలరు.

7. హాజరు ఉండి, ఏడు రోజులపాటు పాఠం చేయని బిడ్డ పేరు పసుపురంగులోకి మారుతుందనీ, “మీ చిన్నారి వెనకబడుతున్నది” అని ఇంటికి మెసేజి వెళుతుందనీ నాకు గుర్తు లేదు. నిదానానికి గుర్తున్నది. ఆరో రోజున చూస్తే పదిహేడో నంబరు నాలుగో పాఠం పూర్తిచేసి ఉన్నది. మూడో బెంచీ దగ్గరికి వెళ్ళాను. ఆ పిల్ల గొడుగు బొమ్మ నొక్కింది, చేప నొక్కింది, మళ్ళీ గొడుగు నొక్కింది. గడగడ పేరుతో పలక తెరుచుకున్నది.

“ఏం చేస్తున్నావమ్మా?”

“దాని పాఠం సార్.”

“మరి నీది?”

“దానిదయ్యాక.”

“అయ్యేసరికి గంట కొట్టేస్తారు కదా.”

కిటికీవైపు చూసింది. బల్లవైపు చూసింది. “నేను వెనకబడితే మీరు చెప్తారు సార్. దానికెవరు చెప్తారు?” అన్నది.

మందలించవలసినది. అది నా ఉద్యోగం. కుక్కిన పేనులా వచ్చి కుర్చీలో కూర్చున్నాను. తక్కిన ఇరవై ఎనిమిది మందికీ సంగతి తెలుసు. పెన్సిలు తన గీత దాటి వచ్చిందని రోజుకు పదిసార్లు ఫిర్యాదు చేసే పిల్లలు ఈ ఒక్కదాని మీద ఫిర్యాదు చేయలేదు. ఎవరైనా కొత్తవాళ్ళు గదిలోకి వస్తే నిదానం పక్కకు జరిగి గడగడ చోటు ఖాళీగా ఉంచేది, మంచినీళ్ళకు వెళ్ళిందనుకోవడానికి. తిలాపాపం తలా పిడికెడు అంటారు. అందులో పెద్దపిడికిలి నాది.

8. ఈ విధముగా పన్నెండు పాఠాలూ పూర్తయినవి. కంప్యూటరు లెక్కలు వేసి, ముప్ఫై రోజుల హాజరుకు, పన్నెండు పాఠాల పూర్తి మార్కులకు గాను ఉత్తమ చిన్నారి డిజిటల్ పౌరురాలిగా పదిహేడో నంబరును ఎంపిక చేసినది. తల్లితో సహా బాలికను ఫోటోకు పంపవలెనని తమ కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. మా ప్రధానోపాధ్యాయిని ఫోను చేత్తో మూసి నావైపు చూశారు.

“ఏం చెప్పమంటారండీ?”

“ఉన్నది చెప్పండి మేడం.”

ఆవిడ ఫోను నా చేతికే ఇచ్చారు. నేనే చెప్పాను. నాలుగోనాడు విచారణాధికారి వచ్చారు. వారు చెడ్డవారు కారు. పిల్ల భయపడుతుందని నేల మీద మఠం వేసుకుని కూర్చున్నారు.

“ఒకరి పేరుతో ఇంకొకరు లోపలికి వెళ్ళకూడదని పాఠం ఉంది కదమ్మా. చదవలేదా?”

“చదివాను సార్. ఏడో పాఠం. పదికి పది వచ్చాయి.”

“ఎవరికి?”

“దానికి.”

వారు కాసేపు తమ కాగితాలు తిరగేసుకున్నారు. “అంటే తప్పని తెలుసన్నమాట.”

“తెలుసు సార్.”

“మరి ఎందుకు చేశావు తల్లీ?”

నిదానం కిటికీవైపు చూసింది. వారు ఒక నిమిషం ఆగారు, రెండు నిమిషాలు ఆగారు, గడియారం చూసుకున్నారు. రిపోర్టులో “సమాధానము లేదు” అని రాసుకున్నారు. ఆ పిల్ల అప్పటికి బల్లవైపు తిరిగింది. ఇంకొక్క అరనిమిషం ఆగితే చెప్పేది. ఇది వారిపై ఫిర్యాదు కాదు.

9. రిపోర్టు ననుసరించి పద్దెనిమిదో నంబరుకు “పరుల పేరిట ప్రవేశము” అనే ఎర్రగుర్తు వేయబడినది. ఎర్రగుర్తు ఉన్న బిడ్డకు ఏడాదిపాటు పలక ఇవ్వరు. ఈ ఏడాది నుంచి పరీక్షలన్నీ పలక మీదే. పైగా ఆ పిల్ల రెండు నెలలుగా చేసిన పాఠాలన్నీ పదిహేడో నంబరు కింద ఉన్నవి గనుక తన పేరిట సున్నాలు ఉన్నవి. ఫలితాల జాబితా నాలుగు రోజుల కిందట వచ్చింది. అందులో చనిపోయిన పిల్ల నాలుగో తరగతికి వెళ్ళింది. బతికున్న పిల్ల మూడో తరగతిలో ఉండిపోయింది. ఈ రెండు వాక్యాలూ నేను కల్పించినవి కావు, జాబితా మొదటి పేజీలో ఒకదానికింద ఒకటి ఉన్నవి.

జాబితా చూసిన దగ్గర్నుంచి నిదానం ఏమీ అడగలేదు. ఇంటికి వెళ్ళేముందు తన పలకను తుడిచి, ఛార్జింగు అలమారాలో పెట్టి, “సార్, దీన్ని ఇంకెవరికైనా ఇస్తారా?” అని మాత్రం అడిగింది. ఇంకా తేలలేదమ్మా అన్నాను.

10. దీనికి ఒక దారి ఉన్నదని తమ మెమో చివర రాసి ఉన్నది. ఫారం తొమ్మిది. ఎవరి పేరుతో ప్రవేశించారో ఆ బిడ్డ తల్లి సమ్మతి తెలుపుతూ సంతకం చేస్తే ఎర్రగుర్తు పోవును, పాఠాలు నిజంగా చేసినవారి ఖాతాకు మారును. మంచిదే. కానీ ఫారంలో “ప్రస్తుత స్థితి” అని మూడు గళ్ళు ఉన్నవి. చదువుచున్నది, బదిలీ అయినది, మరణించినది. మొదటి గడిలో టిక్కు పెడితే బిడ్డ స్వయంగా వచ్చి వేలిముద్ర వేయాలి. రెండో గడికి కొత్త బడి నంబరు కావాలి. మిగిలినది మూడోది. మూడో గడిలో టిక్కు పెడితే ఆ సాయంత్రానికే పదిహేడో నంబరు మూతపడుతుంది, మర్నాటి నుంచి మెసేజి రాదు.

అనగా, ఇంకొకరి బిడ్డ పై తరగతికి వెళ్ళాలంటే ఆ తల్లి తన బిడ్డ లేదని రాసివ్వాలి. ఆమె ఇంతవరకూ ఎవరితోనూ ఆ మాట అనలేదు. నాతో కూడా “డాక్టరు చెప్పి” అన్నది గానీ, డాక్టరు ఏం చెప్పాడో అనలేదు.

11. అయినా అడగాలనే వెళ్ళాను. మొన్న సగంరోజు సెలవు పెట్టి, ఫారం నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంచుకుని ఆమె బస్సెక్కాను.

“ఎక్కడికి సార్?”

“చివరి స్టాపుకమ్మా.”

టికెట్ ఇచ్చింది, వెనక సీటు చూపించింది. తొమ్మిదీ పదిహేనుకు ఆ సీట్లోనే కూర్చుని నా ఫోనులో ఆకుపచ్చ మీట నొక్కాను. తరగతి ఎక్కడో, నేను ఎక్కడో. ఇది మరో తప్పు, పైవాటితో చేర్చుకోగలరు. అయిదు నిమిషాలకు బండి ఆసుపత్రి స్టాపులో ఆగింది. ఆమె ఆసుపత్రి గేటుకు వీపు తిప్పి, రాడ్డు పట్టుకుని నిలబడింది. ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు, దిగేవాళ్ళు దిగుతున్నారు. సంచీలో ఫోను మోగింది. తీసి చూసింది. మళ్ళీ సంచీలో పెట్టి జిప్పు వేసింది. “రైట్ రైట్!” అని అరిచింది. అందరు కండక్టర్లూ అరిచినట్టే అరిచింది. బండి కదిలింది.

అంతవరకూ ఆ మెసేజి వల్ల ఏం జరుగుతున్నదో నేను చూడలేదు. చూశాక జేబులోకి చెయ్యి వెళ్ళలేదు. చివరి స్టాపు దాకా వెళ్ళి, అదే బస్సులో వెనక్కి వచ్చి, బడి దగ్గర దిగిపోయాను.

12. కావున తమకు మనవి చేసుకొనునది ఏమనగా, ఫారం తొమ్మిదితో పని లేకుండా పద్దెనిమిదో నంబరుపై ఎర్రగుర్తు తొలగించి, ఆ పిల్లను నాలుగో తరగతికి పంపవలెను. ఎర్రగుర్తు ఎవరో ఒకరిపై ఉండక తప్పదన్నచో నాపై వేయగలరు. నా ఫోను తీసుకోగలరు, ఉద్యోగం తీసుకోగలరు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తమరు అనవచ్చును. తొక్కిన కాలు నాది. ఎనిమిదేళ్ళ పిల్ల కాలు పట్టుకుని కడగవద్దు. పదిహేడో నంబరును ఈ విద్యా సంవత్సరం చివరి వరకు కదపవద్దు. మార్కులు తీసేయండి, ప్రశంసాపత్రం తీసేయండి, ఆ ఒక్క మెసేజి ఉంచండి. సంవత్సరం చివరికైనా ఆమెతో ఎవరు చెబుతారు అని తమరు అడగవచ్చును. నేను చెప్పలేను. ఇరవై ఆరేళ్ళు చెప్పడమే పనిగా బతికినవాణ్ణి, ఇది చెప్పలేను.

తప్పు నాది, నిర్ణయం తమది. దయతో చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
మూడవ తరగతి ‘బి’ సెక్షను ఉపాధ్యాయుడు

జతపరచినవి: తమ మెమో కాపీలు రెండు (మూడోది నా దగ్గర ఉంచుకున్నాను). ఫలితాల జాబితా మొదటి పేజీ. ఫారం తొమ్మిది, ఖాళీది, మడతలు పడినది.

తా.క. పై జాబితాలో “ఖాళీది” అన్న మాట కొట్టివేసుకోగలరు.

ఈ అర్జీని కవరులో పెడుతుండగా మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ తల్లి స్టాఫ్ రూముకు వచ్చింది. యూనిఫాంలోనే ఉన్నది, రెండు ట్రిప్పుల మధ్య వచ్చినట్టున్నది. నిదానం తండ్రి దర్జీ. కండక్టర్ల యూనిఫాంలు బిగించేదీ వదులు చేసేదీ అతనే. పొద్దున అతని దుకాణంలో విన్నదట.

“ఫారమేది సార్?”

“ఏ ఫారమమ్మా?”

“మొన్న బస్సులో మీ జేబులో ఉన్నది. అప్పుడు తెలీలా. ఏదో అడగడానికొచ్చారనుకున్నా, చివరిదాకా చూశా. అడక్కుండానే దిగిపోయారు.”

“దాంతో పని లేదమ్మా. అర్జీ పెడుతున్నాను.”

“ఆ పిల్ల మళ్ళీ మూడు చదవాలా? మాదాని కోసం?”

జవాబుకు ఆగకుండా చెయ్యి చాపింది. ఇచ్చాను. నిలబడే, బీరువా తలుపుకు ఆనించి రాసింది. పేరు రాసింది. నంబరు రాసింది. మూడో గడిలో టిక్కు పెట్టింది. పెన్ను ఎక్కడా ఆగలేదు. “మరణించిన తేదీ” అన్న చోట ఇవాళ్టి తేదీ వేసింది.

“అమ్మా, తేదీ...” అన్నాను.

“పొద్దున తొమ్మిదీ ఇరవైకి తరగతిలో ఉంది కదా సార్. మీరేగా పంపారు.”

సంతకం పెట్టింది. సంచీలోంచి ఆసుపత్రి కాగితం తీసి ఫారానికి గుండుసూదితో గుచ్చి, ట్రిప్పు టైమయిందని వెళ్ళిపోయింది.

కాబట్టి అయ్యా, నాపై చర్య తీసుకోమన్నది తప్ప పైన కోరినవన్నీ వదిలేస్తున్నాను. కొత్తగా ఒక్కటే మనవి. ఆసుపత్రి కాగితంలో తేదీ వేరుగా ఉన్నది. రెండు తేదీలు కలవలేదని, దిద్దించి తెమ్మని తమ గుమాస్తా ఈ ఫారాన్ని తిప్పి పంపవచ్చును. పంపవద్దు. తమ కంప్యూటరులో చూసుకోండి, ఆ బిడ్డ ఇవాళ పొద్దుటిదాకా హాజరే.